చోడితో కొండలెక్కడం నేర్చుకున్నాం

మా కుక్క చోడి దొరికింది ఓడ చూడ్డానికి వెళ్లిన రోజున. 2020 అక్టోబరులో వాయుగుండం దెబ్బకి బంగ్లాదేశ్ ఓడొకటి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది కదా, విశాఖలో ఉన్నవాళ్లందరికీ గుర్తుండే ఉంటుంది. కరోనా రోజులు. అయినా ఊరు ఊరంతా మాస్కులు కట్టుకుని బీచ్ రోడ్డు మీదే ఉంది. మేమూ వెళ్లాం. మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి కింద, బొగ్గుల సంచికి ఆనుకుని ముడుచుకు పడుకున్న పిల్ల. రెండు నెలలుంటాయేమో. మా అమ్మాయి ఎత్తుకుంది, ఇక దించలేదు. ఇంటికొచ్చాక మా అత్తగారు చూసి, "అచ్చం చోడంబలి రంగులో ఉందే" అన్నారు. మా వైపు రాగుల్ని చోళ్లంటాం. అలా పేరు కుదిరిపోయింది.

మేముండేది ఇసుకతోటలో. మేడ మీదికెక్కితే కైలాసగిరి ఎదురుగా కనిపిస్తుంది. మా ఆయనకి స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు డ్యూటీ. పెళ్లయిన కొత్తలో ఇద్దరం వీలు దొరికినప్పుడల్లా కొండలెక్కేవాళ్లం, అమ్మాయి పుట్టాక ఆ అలవాటు పోయింది. చోడి వచ్చాక మళ్లీ ఎక్కొచ్చని ఆశ పుట్టింది. కుక్క ఉంది, ఎదురుగా కొండ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాం. చాలా కావాలని తెలియడానికి మాకు రెండేళ్లు పట్టింది.

మొదటి టీకాలకి వెళ్లినప్పుడే డాక్టరు గారిని అడిగాను, ఎప్పటినుంచి కొండెక్కించొచ్చని. ఏడాది దాటేదాకా ఆ ఊసెత్తొద్దన్నారు. పిల్లకుక్కల ఎముకల చివర్లు ఇంకా మెత్తగా ఉంటాయి, అవి గట్టిపడకముందే మెట్లూ రాళ్లూ దూకిస్తే కీళ్లు జీవితాంతం బాధపెడతాయిట. పెద్ద జాతి కుక్కలకైతే ఏడాదిన్నర ఆగాలన్నారు. చోడి మన ఊరి కుక్కే, మధ్యరకం. పదిహేను నెలలు ఆగుదామని నిర్ణయించుకున్నాం.

ఆ పదిహేను నెలలూ వృథా పోలేదు. పొద్దున్న బళ్లు రానివ్వని వేళ ఆర్కే బీచ్ రోడ్డు మీద దాన్ని నడిపించేవాళ్లం. రెండే రెండు మాటలు నేర్పాం: "ఆగు", "రా". లంచం ఎండు నెత్తళ్లు, ఉప్పు వేయనివి. చేపలమ్మే ఆవిడకి ముందే చెప్పి విడిగా ఎండబెట్టించుకునేదాన్ని. బిస్కెట్టు చూపిస్తే తోక మాత్రం ఊపే చోడి, నెత్తలు వాసన తగిలితే పావురాల గుంపును కూడా వదిలేసి వచ్చేస్తుంది. "రా" అంటే పదికి పదిసార్లూ వచ్చేదాకా కొండ సంగతి మాట్లాడకూడదనుకున్నాం. అపార్ట్‌మెంటు మెట్ల మీద ఎక్కడం కంటే దిగడం ఎక్కువ అలవాటు చేశాం. కుక్క బరువులో సగానికి పైగా ముందుకాళ్ల మీదే ఉంటుంది. దిగేటప్పుడు ఆ భుజాల మీద పడే భారం ఇంకా పెరుగుతుంది. పరుగెత్తకుండా, మెట్టు మెట్టుకీ ఆగి దిగడం దానికి వచ్చాకే కైలాసగిరి మెట్లకి తీసుకెళ్లాం.

2022 జనవరి చివర్లో మొదటిసారి. ఇంకా చీకటి ఉండగా అప్పూఘర్ వైపు నుంచి మొదలుపెట్టాం. చోడి ముక్కు నేలకానించి ఒక్కో మెట్టూ చదువుకుంటూ ఎక్కింది. మాకు వట్టి మెట్లు, దానికి రాత్రంతా ఎవరెవరు అటు వెళ్లారో రాసిపెట్టిన పుస్తకం. పైన పార్కు లోపలికి వెళ్లే ఉద్దేశం లేదు. కొంత ఎత్తున, మెట్లు మలుపు తిరిగే చోట కూర్చుని సూర్యుడు సముద్రంలోంచి పైకి రావడం చూసి దిగిపోయాం. మర్నాడు దాని నడక మామూలుగానే ఉందా, లేచేటప్పుడు బిగుసుకుంటోందా అని పొద్దుట్నుంచీ చూశాను. ఏమీ లేదు. ఆ తర్వాత ఫిబ్రవరి అంతా వారానికోసారి అదే దారి. ప్రతిసారీ ఇంకాస్త పైకి.

ఇక ఏప్రిల్ సంగతి. దీన్ని కొంచెం వివరంగానే చెప్పాలి, ఎందుకంటే తప్పు పూర్తిగా మాదే.

ఆ రోజు మా ఆయన సి షిఫ్టు, అంటే రాత్రి డ్యూటీ, దిగి ఇంటికొచ్చేసరికి పొద్దున్న ఆరున్నర. ఎండ పెద్దగా లేదు, మబ్బుగా కూడా ఉంది. ఫోన్‌లో ముప్ఫై డిగ్రీలని చూపించింది. విజయవాడలో నలభై రెండు ఉంటే మనకి ముప్ఫై రెండంటే చల్లనే అనుకునే ఊరు మనది. ఏడుంపావుకి ఎక్కడం మొదలెట్టాం. సగం దాటేదాకా చోడి మా ముందే ఉంది, తోక నిటారుగా, లీషు బిగుసుకుని. ఎక్కడా ఆగలేదు. ఆగలేదు కాబట్టి బాగానే ఉందనుకున్నాం. మలుపు దగ్గర ఒక్కసారిగా పక్కకి తిరిగి పొదకింద పడుకుంది. "చోడీ, రా" అన్నాను. కళ్లెత్తి చూసింది, లేవలేదు. "రా" అంటే లేవకపోవడం అదే మొదటిసారి.

దగ్గరికెళ్లి చూస్తే నాలుక. మామూలుగా దాని నాలుక లేత గులాబీ రంగులో, సన్నగా ఉంటుంది. ఆ రోజు చివర వెడల్పై, గరిటెలా మెలితిరిగి, ముదురు ఎరుపుకి తిరిగింది. నోటి చుట్టూ చొంగ జిగటగా తీగ సాగుతోంది. వగర్పు ఎంత వేగంగా ఉందంటే డొక్కలు కదలడం కాదు, అదురుతున్నట్టుంది. చిగురు మీద వేలుపెట్టి నొక్కితే అంటుకుపోయేంత పొడిగా ఉంది.

మా దగ్గరున్నది ఒక్క లీటరు బాటిలు, అందులో సగం మేమే తాగేశాం. మిగిలింది పొట్ట కింద, తొడల సందుల్లో, పాదాల మీద పోశాను. తువ్వాలు తడిపి వీపు మీద కప్పాను. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని దిగారు. పదహారు కిలోల కుక్క. కింద టీ బడ్డీ ఆవిడ చూసి, "ఏటమ్మా, అలా వగరుస్తంది? బేగి ఇలా తెండి" అని కుండలో నీళ్లన్నీ తెచ్చి తనే పోసింది. విసనకర్రతో విసిరింది కూడా. ఆవిడ చేతి చలవే అనుకుంటాను, డాక్టరు దగ్గరికి చేరేసరికి తల ఎత్తగలిగింది. అప్పటికీ జ్వరం కర్ర 104.8 చూపించింది.

డాక్టరు గారు సెలైన్ పెట్టి, దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మాకు చెప్పిన మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. కుక్కకి మామూలుగానే ఒంటి వేడి 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది. మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున మాత్రం కాస్త పడుతుంది. ఒంటి వేడి పోయే ముఖ్యమైన దారి వగర్పే, అంటే నాలుక మీదా గొంతులోనూ ఉన్న తడి ఆవిరైపోవాలి. గాల్లో అప్పటికే తేమ నిండిపోయి ఉంటే ఆ తడి ఆవిరి కాదు. కుక్క ఎంత వగర్చినా చల్లబడదు సరికదా, ఆ వగర్చే శ్రమకే ఇంకా వేడెక్కుతుంది. "మీరు చూడాల్సింది డిగ్రీలు కాదమ్మా, ఉక్క" అన్నారాయన. 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుందిట. తడి తువ్వాలు కప్పి వదిలేయడం కూడా తప్పేనన్నారు, కాసేపటికి అదే దుప్పటిలా వేడిని పట్టి ఉంచుతుంది. నీళ్లు పోస్తూనే ఉండాలి, గాలి తగులుతూనే ఉండాలి. ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఆ టీ బడ్డీ ఆవిడ ఎవరూ చెప్పకుండానే చేసింది అదే.

ఆఖరున ఆయన అన్నదే నన్ను ఎక్కువ కదిలించింది. "అది అలిసిపోయానని చెప్పదు. మీరు ఎక్కుతుంటే పడిపోయేదాకా ఎక్కుతుంది. ఎక్కడ ఆగాలో మీరే చూసుకోవాలి." చోడి మా ముందు తోకెత్తి నడుస్తుంటే అది సంతోషమనే అనుకున్నాం. సంతోషమే, కాదనను. కానీ మా మీద నమ్మకం కూడా అందులో ఉంది. ఆ నమ్మకానికి లెక్కచూసుకునే బాధ్యత మాదే.

అప్పటినుంచి మా పద్ధతే మారిపోయింది. ఏప్రిల్, మే, జూన్‌లలో కొండ మాటే లేదు, తెల్లారేలోపు సముద్రపొడ్డున తడి ఇసుకలో నడక, అంతే. మిగతా నెలల్లో బట్టలు ఆరేసే తీగ దగ్గరికెళ్లి చూస్తాను. రాత్రి ఆరేసినవి తెల్లారేసరికి తడితడిగానే ఉంటే ఆ రోజు కొండ లేదు. ఏ ఫోన్ కంటే ఇది నాకు సరిగ్గా చెబుతోంది. ఇంకోటి కూడా అనుభవం మీద కనిపెట్టాం. విశాఖ కొండల సముద్రం వైపు వాలంతా తూర్పుముఖం. సూర్యుడు పైకొచ్చిన క్షణం నుంచీ ఎండ సూటిగా అక్కడే కొడుతుంది, ఏడు గంటలకే రాయి కాగిపోతుంది. అదే సాయంత్రం నాలుగు దాటితే కొండ తన నీడ తానే వేసుకుంటుంది. అందుకని చలికాలంలో సాయంత్రాలే మాకు హాయి. కాకపోతే పొద్దుటి వేడి రాయిలో మిగిలుంటుంది కాబట్టి అరచేతి వెనకభాగం రాయికి ఆనించి ఏడంకెలు లెక్కపెడతాను. నేను ఓర్చుకోలేకపోతే చోడి పాదాలూ ఓర్చుకోలేవు. మన కొండలు ఎక్కువగా ఖొండలైటు రాయి, ఎర్రగా, గరుగ్గా ఉంటుంది. మెత్తటి పాదాల్ని గీరేస్తుంది కూడా.

మెడ బెల్టు తీసేసి రొమ్ముకి కట్టే హార్నెస్ కొన్నాం. ఎక్కేటప్పుడు మెడ మీద లాగుడు పడితే ఊపిరికే ఇబ్బంది. నీళ్లు దానికి వేరే, మాకు వేరే. ముఖం చప్పిడిగా ఉండే పగ్గు జాతి కుక్కల్లాంటి వాటికి వగర్పే సరిగా రాదు కాబట్టి, మా అపార్ట్‌మెంటులో పగ్గున్న అక్క "మేమూ వస్తాం" అంటే నేను సున్నితంగా వద్దన్నాను. ఆవిడ ముందు కాస్త నొచ్చుకున్నారు. ఇప్పుడు మాతో బీచ్ నడకకి వస్తున్నారు.

మళ్లీ కొండెక్కింది ఆ ఏడాది నవంబరులో. ఈసారి తొట్లకొండ.

భీమిలి రోడ్డు మీద మంగమారిపేట దగ్గర ఉంటుంది. ఎత్తు 128 మీటర్లే, ఎక్కినట్టే ఉండదు, కానీ పైకి వెళ్లాక సముద్రం మూడొంతులు మన చుట్టూ తిరిగినట్టుంటుంది. ఎంతో కాలం ఎవరికీ తెలియకుండా పడి ఉన్న బౌద్ధక్షేత్రం అది. 1976లో నౌకాదళం వాళ్లు పైనుంచి సర్వే చేస్తుంటే బయటపడింది. తవ్వకాలు 1988లో మొదలయ్యాయి. వానాకాలంలో భిక్షువులు ఉండిపోయే విహారాలు, స్తూపం, రాతిలో తొలిచిన నీటి తొట్లు దొరికాయి. ఆ తొట్ల వల్లే కొండకి ఆ పేరు. వాన నీళ్లే ఆధారంగా అంతమంది అక్కడ బతికారంటే ప్రతి చుక్కకీ ఎంత లెక్క ఉండేదో అనిపిస్తుంది. నా భుజాన చోడి నీళ్ల బాటిలు బరువు తెలుస్తున్నప్పుడు ఆ మాట ఇంకా గట్టిగా తడుతుంది.

కట్టడాల దగ్గరికి చోడిని తీసుకెళ్లం. అది తవ్వడానికి పుట్టిన జీవం, అవి రెండువేల ఏళ్ల ఇటుకలు. అందుకే మేం వంతులు వేసుకుంటాం, ఒకరు లోపలికి వెళ్లొస్తే ఇంకొకరు దూరంగా చెట్టు కింద దానితో కూర్చుంటాం. ఒకసారి ఓ రాతిగుంటలో నిలిచిన నీళ్లు చూసి లాగింది. తాగనివ్వలేదు. నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం కలిసి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కలకీ వస్తుంది, మనుషులకీ వస్తుంది. ఏటేటా టీకా వేయించినా ఆ నీళ్ల దగ్గర మాత్రం నేను కఠినంగానే ఉంటాను.

ఇలాంటి కొండల కింద ఊరికుక్కలు ఉండనే ఉంటాయి. మొదట్లో అవి మొరుగుతూ వస్తే చోడిని ఎత్తేసుకునేదాన్ని. అది పెద్ద పొరపాటు, అవి నామీదికే లేచేవి. ఇప్పుడు లీషు వదులుగా పట్టుకుని, ముఖాలు చూడకుండా, రోడ్డుకి అవతలి పక్కనుంచి వంపు తిరిగి వెళ్తాం. పరుగెత్తం, ఆగి నిలబడం. లీషు బిగబట్టామంటే మన భయం దాని మెడదాకా పాకుతుంది. నాలుగోసారి వెళ్లేసరికి అక్కడి ముసలి నల్లకుక్క మమ్మల్ని చూసి లేవడం కూడా మానేసింది.

కంబాలకొండకి ఎందుకు తీసుకెళ్లరని చాలామంది అడుగుతారు. ఇంటికి దగ్గర, చల్లటి అడవి, నిజమే. కానీ అది 2002లో ప్రకటించిన వన్యప్రాణి అభయారణ్యం, దాదాపు డెబ్బై చదరపు కిలోమీటర్లు. అక్కడ చిరుతలున్నాయి, చిరుతకి కుక్క ఇష్టమైన మేత. అంతకంటే పెద్ద సంగతి, మన కుక్క వల్ల వాటికొచ్చే ముప్పు. కుక్కల్లో వచ్చే డిస్టెంపర్ వైరస్సే 2018లో గిర్ అడవిలో సింహాల ప్రాణాలు తీసింది. చోడి వాసన తగిలితే దుప్పులు చెదిరిపోతాయి. మేం అక్కడికి వెళ్లాలంటే చోడిని అత్తగారి దగ్గర వదిలి వెళ్తాం. సింహాచలం మెట్లదారి కూడా అంతే, అది దైవదర్శనానికి వెళ్లేవాళ్ల దారి. డాల్ఫిన్ నోస్ వైపు నౌకాదళం ప్రాంతం, దాని ఊసు లేదు. ఊళ్లో కొండలకి కొదవలేదు, ఈ మూడూ వదిలేస్తే మాకు పోయేదేమీ లేదు.

వానాకాలం మా రెండో పాఠం. 2023 ఆగస్టు, బావికొండ. వానలకి గడ్డి మోకాలెత్తు పెరిగింది, పచ్చగా, గాలికి అలల్లా ఊగుతోంది. చోడి అందులో ఈదినట్టు తిరిగింది. ఇంటికొచ్చి తుడిచాను, పైపైన చూశాను, అంతే. పది రోజుల తర్వాత ఓ ఉదయం దాని గిన్నెలో అన్నం అలాగే ఉంది. నెత్తలు పెట్టినా వాసన చూసి తల తిప్పుకుంది. ఒళ్లు కాలుతోంది. చెవి మడత తిరగేసి చూస్తే లోపల ఓ మూల గోమారి, రక్తం తాగి ఆముదపు గింజంత ఉబ్బి, నున్నగా మెరుస్తోంది. ఎన్నాళ్లుగా ఉందో.

రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు నలభై ఆరు వేలు. లక్షల్లో ఉండాల్సినవి. ఎర్లికియా అన్నారు, మనవాళ్లు టిక్ ఫీవర్ అంటారు. డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు, ఏదైనా తిన్నాకే వేయాలి. ఐదో రోజుకే చోడి లేచి తిరగడం మొదలెట్టింది. అక్కడే చాలామంది మాత్రలు ఆపేస్తారట, లోపల దాక్కున్నది మళ్లీ తిరగబెడుతుందిట. నేను క్యాలెండరు మీద గీతలు కొట్టుకుంటూ ఇరవై ఎనిమిదీ పూర్తి చేశాను. మళ్లీ కొండెక్కించింది దసరా వెళ్లాకే.

ఇప్పుడు కొండ దిగాక పదిహేను నిమిషాలు తనిఖీకే కేటాయిస్తాను. ఇంటికెళ్లాక కాదు, అక్కడే, బండి ఎక్కకముందు. చెవుల లోపల, కనురెప్పల అంచు, చంకలు, వేళ్ల సందులు, తోక మొదలు. గోమారి కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగుతాను, మెలిపెట్టను, వేళ్లతో నలపను. మా చిన్నప్పుడు ఊళ్లో కిరసనాయిలు రాసేవాళ్లు, కొందరు బీడీ చివర ఆనించేవాళ్లు. అలా చేస్తే అది లోపలున్నది కక్కి మరీ చస్తుంది. లాగిన దాన్ని స్పిరిట్ సీసాలో వేసేస్తాను. నెలనెలా డాక్టరు రాసిన మందు ఎలాగూ ఉంటుంది. వానలు తగ్గి గడ్డి ఎండాక ఇంకో బెడద, సూదుల్లాంటి గడ్డిగింజలు బొచ్చులోంచి చర్మంలోకి, చెవిలోకి దిగిపోతాయి. తల అదేపనిగా విదిలిస్తుంటే చెవిలో చూడాల్సిందే.

దారిలో ఎదురయ్యే మనుషుల సంగతి కూడా చెప్పాలి. అందరికీ కుక్కంటే ఇష్టం ఉండదు, ఉండనక్కర్లేదు కూడా. మొదట్లో ఎవరైనా జంకితే "కరవదండీ, ఏం చెయ్యదు" అని అరిచేదాన్ని. ఒకసారి ఎర్రమట్టి దిబ్బల దగ్గర ఓ చిన్నపాప చోడిని చూసి ఏడుస్తూ తల్లి చీర పట్టుకుంది, నేను అదే మాట అన్నాను. "మీకు తెలుసు, దానికి తెలీదు కదండీ" అంది ఆ తల్లి, కోపం లేకుండానే. అప్పటినుంచీ ఎవరొచ్చినా చోడిని దారి పక్కకి తీసి, కూర్చోబెట్టి, వాళ్లకీ దానికీ మధ్య నేను నిలబడతాను. వాళ్లు దాటాకే కదులుతాం. కొండ మీద ఎవరైనా ప్రేమగా ఏదైనా పెట్టబోతే మాత్రం ఆపుతాను. బీచ్‌లో అమ్మే మురీ మిక్స్చరే తీసుకోండి, దాన్నిండా పచ్చి ఉల్లిపాయ ముక్కలు. ఉల్లి కుక్కకి విషం, రక్తకణాల్ని విరిచేస్తుంది.

(ఆ దిబ్బల గురించి ఒక్క మాట. ఎండలో గాడిపొయ్యే, చలికాలం సాయంత్రం స్వర్గం. వేల ఏళ్లుగా గాలీ నీరూ కలిసి చెక్కిన ఎర్ర ఇసుక గట్లు, అంచులు పట్టుకుంటే రాలిపోతాయి. అక్కడ చోడి లీషు ఎప్పుడూ వదలను, నడిచి నడిచి పడిన బాటలోనే నడుస్తాం.)

మాకు అన్నిటికంటే ఇష్టమైంది పావురాలకొండ. భీమిలి ఊరి వెనకే లేచి ఉంటుంది, దారిలో నరసింహస్వామి గుడి ఉంది కాబట్టి ఊళ్లోవాళ్లు నరసింహస్వామి కొండనే అంటారు. గుడి వాకిలి దగ్గర చోడిని దూరంగా తిప్పి తీసుకెళ్తాం, చెప్పులు విప్పి దండం పెట్టుకోవడానికి మళ్లీ వంతులే. పైన ఇక్కడా బౌద్ధుల నాటి రాతి తొట్లు. ఒకపక్క సముద్రం, ఇంకోపక్క గోస్తని నది మెలికలు తిరుగుతూ వచ్చి ఇసుక తిన్నెను చీల్చుకుని సముద్రంలో కలిసే చోటు. బొర్రా గుహల వైపు పుట్టిన నీళ్లు. రెండు నీళ్ల రంగూ కలవకుండా కాసేపు పక్కపక్కనే సాగుతాయి. చోడి ఆ గాలికి ఎదురుగా కూర్చుని కళ్లు సగం మూసి, ముక్కు మాత్రం అటూ ఇటూ కదుపుతుంటుంది. కింద ఎండబెట్టిన చేపల వాసన దానికి అంత పైకీ వస్తుందనుకుంటాను.

మొన్న డిసెంబరులో వెళ్లాం. చోడికి అయిదు దాటింది. ఉక్క లేదు, నీడ ఉంది, రాయి చల్లగా ఉంది, అన్నీ కుదిరాయి. మూడొంతులు ఎక్కాక చోడి నడక తగ్గింది. ఆగలేదు, కుంటలేదు. ఒక్కో నాలుగడుగులకీ కుడి ముందుకాలు నేల మీద పెట్టడానికి రవ్వంత ఆలస్యం చేస్తోంది, అంతే. నాలుక చూశాను, గులాబీ రంగే. కూర్చోబెట్టి పాదం పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది.

"ఇంకెంత, ఐదు నిమిషాల్లో పైనుంటాం, అక్కడ చూద్దాం" అన్నారు మా ఆయన. అన్నాక ఆయనే నా ముఖం చూసి బ్యాగు దించేశారు.

అక్కడే మేకలు కాస్తున్న తాత ఒకాయన వచ్చి నిలబడ్డాడు. "ముల్లుంటాదమ్మా. పల్లేరు. నా మేకలకీ దిగిపోతాయి. ఆ మెత్త పక్కకి నొక్కి సూడు" అన్నాడు. చోడి తల మా ఆయన ఒళ్లో పెట్టించి, నేను పాదం తిరగేశాను. పెద్ద మెత్తకీ వేలి మెత్తకీ మధ్య, బొచ్చులో, పల్లేరుకాయ. ఒక ముల్లు పైకి కనిపిస్తోంది, ఇంకోటి లోపలికి దిగి ఉంది, చుట్టూ చర్మం తెల్లగా పాలిపోయింది. తాత సెల్‌ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. గోమార్లకని తెచ్చిన పట్టకారుతో తీశాను. చిన్న రక్తపు చుక్క వచ్చింది. నీళ్లు పోసి కడిగి, మందు రాసి, నా పాత సాక్సు తొడిగి రబ్బరుబ్యాండు వదులుగా వేశాను.

కొన ఇంకో వంద అడుగులుంటుంది. పైన గడ్డి కదలడం కూడా కనిపిస్తోంది. దిగిపోయాం. "బేగి దిగండి, సీకటడిపోద్ది" అంటూ తాత మాతో పాటే మేకల్ని మళ్లించుకుని సగం దూరం వచ్చాడు. కింద భీమిలి రోడ్డు మీద వేడి ఇడ్లీలు తీసుకుంటే చోడికి చట్నీ లేకుండా రెండు పెట్టాను. కారులో మా అమ్మాయి ఒళ్లో సాక్సు వేసిన కాలు చాపుకుని రుషికొండ దాటకముందే నిద్రపోయింది. ఈ ఆదివారం మా ఆయనకి వీక్లీ ఆఫ్. బట్టలు రాత్రికి ఆరేస్తాను.